జడ్జమ్మకో బొంత

రొట్టెల కొట్టు మీది వాటా,
ఆగస్టు 4

వదినకు,

ఈ ఉత్తరం నిలబడి చదవకు. మిషను ముందు స్టూలు లాక్కుని కూర్చో. అన్నయ్యని కూడా రంపం పక్కన పెట్టి రమ్మను.

పిల్లల ఇంటి నుంచి కబురు వచ్చింది. రెండేళ్ళ కిందట మీ తమ్ముడూ నేనూ దత్తతకని పెట్టుకున్న దరఖాస్తు ఇన్నాళ్ళకు కదిలింది. ఆడపిల్ల, ఏడు నెలలు. అప్పుడే రెండుసార్లు వెళ్ళి చూసి వచ్చాం. ఆ కనుబొమలు నువ్వు చూడాలి వదినా. మనమేదో నేరం చేసి బోనులో నిలబడినట్టు, ఊఁ చెప్పండి వింటాను అన్నట్టు చూస్తుంది. మీ తమ్ముడు అక్కడికక్కడే జడ్జమ్మ అని పిలవడం మొదలుపెట్టాడు. అసలు పేరు పెట్టలేదు. పెట్టే హక్కు ఇంకా మాకు రాలేదు.

ఎందుకు రాలేదంటే, జడ్జమ్మ మమ్మల్ని ఒప్పుకోలేదు. మొదటిసారి నేను ఎత్తుకున్నాను, ఏడ్చింది. రెండోసారి మీ తమ్ముడు ఎత్తుకున్నాడు, ఇంకా ఏడ్చింది. ఆయా చేతికి ఇవ్వగానే టక్కున ఆపేసి, మళ్ళీ మా వైపు అదే చూపు. అక్కడి పెద్దావిడ మంచిదే కానీ ఖచ్చితమైన మనిషి. "పిల్ల మీ చేతుల్లో ఒక పూట నిమ్మళంగా ఉండాలమ్మా. అది నా కళ్ళతో చూశాకే సంతకం పెడతాను" అంది. నవంబరు నెలాఖరు దాకా గడువు ఇచ్చింది. మా వెనక ఇంకో దంపతుల కాగితం ఎదురుచూస్తోందట. అప్పటికీ మా దగ్గర కుదురుకోకపోతే జడ్జమ్మ వాళ్ళ ఇంటికి వెళుతుంది.

అందుకని నాకు ఒక బొంత కావాలి. ఊళ్ళో పుట్టిన ప్రతి పసిగుడ్డుకీ నువ్వే కుడతావు కదా, దీనికీ నువ్వే కుట్టాలి. గుడ్డ మాత్రం నేనే వెళ్ళి కొంటాను. నీ దగ్గర బీరువా నిండా ముక్కలున్నాయని తెలుసు, అయినా నేనే కొనాలి. పుస్తకాలకు అట్టలు వేసే దాన్ని, అట్ట వీపుకి అంటించే ముతక గుడ్డ తప్ప నాకేమీ తెలియదు. ఏం కొనాలో, ఎలా చూడాలో రాయి.

నిన్న పనిలో జిగురు ఆరేదాకా ఊరికే కూర్చుంటే మెలకువలోనే ఒక కల లాంటిది వచ్చింది. గది నిండా గుడ్డలు, మోకాళ్ళ లోతు. నడుస్తుంటే అడుగుల చప్పుడు లేదు. ఆ మధ్యలో ఎక్కడో పిల్ల ఉంది, నవ్వు వినిపిస్తోంది, మనిషి కనబడటం లేదు. నాకు కంగారేమీ వేయలేదు. ఒక్కో గుడ్డ ఎత్తి చూస్తూ పోయాను. ఇంతలో మా అట్టల మేస్త్రీ వచ్చి, ఆరిందా అని అడిగాడు. ఆరిందన్నాను.

నీ,
మరదలు

*

కుట్టుమిషను గది,
ఆగస్టు 12

మరదలు పిల్లకు,

ఉత్తరం అందింది. మీ అన్నయ్య రెండుసార్లు చదివి, కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుండిపోయాడు. ఇవాళ ఇవ్వాల్సిన కిటికీ తలుపులు అలాగే ఉన్నాయి.

పిల్ల ఇంటికే రాలేదు, సంతకమే కాలేదు, అప్పుడే బొంతా? ఆలూ లేదు చూలూ లేదన్న సామెత ఊరికే పుట్టిందా. సరే, అడిగావు కాబట్టి కుడతాను. ఎవరి పిల్లయితేనేం, నా చేతికి బొంత బొంతే.

గుడ్డ సంగతి రాసుకో. పొద్దున్నే వెళ్ళు. కొట్లో లైట్ల కింద ప్రతి గుడ్డా పెళ్ళికూతురే. నచ్చిన తాను చంకన పెట్టుకుని గుమ్మం దాకా వచ్చి ఎండలో విప్పి చూడు. వాడు విసుక్కుంటే విసుక్కోనీ. చేతిరుమాలు ఒకటి తడిపి తీసుకెళ్ళి గట్టిగా రుద్దు. రంగు అంటిందా, ఎంత బాగున్నా వదిలెయ్. పసిది ఆ కొస నోట్లో పెట్టుకోకుండా ఉండదు. చేత్తో తడిమి మెత్తగా ఉందని మురిసిపోకు. నీ వేళ్ళు జిగురుతో, నా వేళ్ళు సూదితో మొద్దుబారి చాలాకాలమైంది. చెంపకి ఆనించి చూడు. గుప్పిట్లో నలిపి వదిలితే మెల్లగా విచ్చుకోవాలి, అట్టలా ముడతలు పడి నిలిచిపోయేది మనకొద్దు. మెరిసేవీ, నూగు ఊడేవీ వద్దు. అడుగు వైపుకి మంచి మల్లు గుడ్డ రెండు మీటర్లు, పైకి నీకు నచ్చినవి మూడో నాలుగో, తలా ఒక మీటరు. కొట్టువాడు ఏది పొగిడితే అది కొనకు. అమ్ముడుపోని దాన్నే వాళ్ళు పొగుడుతారు.

తక్కినదంతా నా పని. అందులో నువ్వు వేలు పెట్టకు. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు, నువ్వు గుడ్డముక్కల దాకా వచ్చావంటే ముప్పావు మొగుడివి అయ్యావు.

తమ్ముడిని అడిగానని చెప్పు.

వదిన

*

రొట్టెల కొట్టు మీది వాటా,
ఆగస్టు 20

వదినకు,

కొన్నాను. నువ్వు చెప్పినవన్నీ చేశాను. ఎక్కువే చేశాను.

నేను అట్టలు వేసే లైబ్రరీ వెనక రెండు వీధులు దాటితే బట్టల సందు. పొద్దున్నే వెళ్ళేసరికి సగం కొట్లకి అప్పుడే తలుపులు తీస్తున్నారు. చివరనున్న కొట్టు రైలుపెట్టెలా సన్నగా, పొడుగ్గా లోపలికి వెళుతూనే ఉంది. రెండు పక్కలా కప్పు దాకా తానులు. లోపలికి వెళ్ళేకొద్దీ వీధి చప్పుడు ఒక్కో మెట్టు దిగిపోయి చివరికి ఆగిపోయింది. అన్ని గుడ్డల మధ్య మన గొంతు కూడా మెత్తబడిపోతుంది. కొట్టాయన పెద్దవాడు, మెడలో టేపు, గుసగుసగా మాట్లాడతాడు. ఏం కావాలమ్మా అన్నాడు. పసిపిల్లకి బొంత అన్నాను. ఎన్నో నెల అన్నాడు. ఏడు అన్నాను. నా పొట్ట వైపు ఒకసారి చూసి, అర్థంకాక ఊరుకున్నాడు. నేనూ విడమరచి చెప్పలేదు. ఆ కాసేపూ అలాగే ఉండనిద్దామనిపించింది.

తరవాత ఎంతసేపు ఉన్నానో తెలియదు. ఆయన తాను విసిరితే అది బల్లమీద దొర్లుకుంటూ విప్పుకుంటుంది, నేను వంగి చెంప ఆనించి కళ్ళు మూసుకుంటాను. మొదటిది మీగడ రంగు మల్లు. కళ్ళు మూసుకోగానే జడ్జమ్మ దానిమీద బోర్లాపడి కనిపించింది. లేతాకుపచ్చ దానికి చెంప ఆనిస్తే నిలబడి గోడ పట్టుకుని నడుస్తోంది. ఇటుకరంగు దానికైతే ఏకంగా బడికి వెళ్ళి వచ్చి, చెప్పులు విసిరేసి, ఆకలి అంటోంది. ఇంకో పసుపుపచ్చది తీయించాను, దాని మీద సన్నటి బూడిదరంగు గీతలు. అందులో ఏమీ కనిపించలేదు, హాయిగా చల్లగా ఉంది. అది కూడా కొన్నాను.

చివరికి కొట్టాయన నెమ్మదిగా, "అమ్మా, మీకు గుడ్డ కావాలా, పడక కావాలా?" అన్నాడు. తలెత్తి చూస్తే నా పక్కన ఇద్దరు ఆడవాళ్ళు కూడా బల్లమీద చెంపలు పెట్టుకుని ఉన్నారు. ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నారు పాపం. నాకు నవ్వాగలేదు.

నీలం మీద తెల్ల చుక్కలది ఒకటి ఉంది వదినా. దానిమీద మనసు పడ్డాను. తడి రుమాలు పెట్టి రుద్దితే రుమాలంతా నీలం. ఇంకోసారి రుద్దాను, ఈసారి మెల్లిగా రుద్దితే అంటదేమోనని. అంటింది. దాన్ని మడతపెట్టి పై అరలో పెట్టేస్తుంటే, ఎవరినో వదిలి వచ్చేస్తున్నట్టు అనిపించింది.

గుడ్డలు ఇప్పుడే పంపను. ఒక నెల నా దగ్గర ఉండనీ. ఎందుకని అడగకు. చెబితే నవ్వుతావు.

ఇంకొకటి. నీ సామెతలో రెండోది నాకు లేదని, ఇక ఉండదని డాక్టరు చెప్పిన రోజున నువ్వు నా పక్కనే ఉన్నావు. ఆ లైను చదివి ఉత్తరం మడిచేసి, మిగతాది మర్నాడు చదివాను.

మరదలు

*

కుట్టుమిషను గది,
ఆగస్టు 27

మరదలు పిల్లకు,

నోరు జారినట్టే చెయ్యి కూడా జారుతుందని ఇప్పుడు తెలిసింది. మనసులో పెట్టుకోకు. పెట్టుకుంటావు, నాకు తెలుసు, అయినా అంటున్నాను.

గుడ్డలు బాగానే ఎంచావు. గీతల పసుపుపచ్చ నేనైతే తీసుకోను, నీ ఇష్టం. అయితే నెల రోజులు ఎందుకు? అదేమన్నా మీ కింది కొట్లో పిండా, పులిసి పొంగడానికి? నాకు చేతినిండా పని ఉంది. వీలైనంత తొందరగా పంపు.

మీ అన్నయ్య పిల్ల గురించి రాయమంటున్నాడు. ఏం రాయాలో నన్నే అడుగుతున్నాడు. నాకేం తెలుసు?

వదిన

*

రొట్టెల కొట్టు మీది వాటా,
సెప్టెంబరు 26

వదినా,

ఇవిగో గుడ్డలు. పాత దిండుగలీబులో చుట్టి పంపుతున్నాను, వేరే దేనిలోకీ మార్చకు.

మొన్న నాలుగోసారి వెళ్ళాం. నేను చేతులు చాచాను, మొహం తిప్పుకుంది. మీ తమ్ముడు కోతిలా గెంతాడు, పిల్లిలా అరిచాడు, చివరికి నేలమీద పడుకుని చచ్చిపోయినట్టు నటించాడు. అక్కడి పిల్లలందరూ విరగబడి నవ్వారు, జడ్జమ్మ తప్ప. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన కిటికీ లోంచి చూస్తూ, తనకి తెలియకుండానే ఒళ్ళో ఏదో ఉన్నట్టు మోకాళ్ళు ఊపుతున్నాడు. నేను చూడనట్టు అటు తిరిగాను.

బొంత అవగానే నాకు పంపకు. తిన్నగా పిల్లల ఇంటికే పంపెయ్, చిరునామా వేరే కాగితం మీద ఉంది. నా దగ్గరికి వచ్చి మళ్ళీ వెళ్ళాలంటే వారం పోతుంది. మనకి వారాలు ఎక్కువ లేవు.

మరదలు

*

కుట్టుమిషను గది,
అక్టోబరు 10

మరదలు పిల్లకు,

బొంత ఈ ఉదయం పార్సిలు చేశాను. ఎనిమిది రోజులు పట్టింది. నేను చెప్పుకోకూడదు కానీ, ఇన్నేళ్ళలో ఇలాంటిది కుట్టలేదు. అంచు చుట్టూ ఇటుకరంగు, మధ్యలో ఆకుపచ్చా పసుపూ గళ్ళు. నేను వద్దన్న గీతల గుడ్డే దానికి కళ తెచ్చింది, ఒప్పుకుంటున్నాను. మిషను కుట్టు అంచుకే, లోపలంతా చేత్తోనే. కుట్టు ఎక్కడా పిల్లకి గరుకు తగలదు.

గుడ్డలు మాత్రం ఏం చేశావే తల్లీ? మూట విప్పితే గుప్పుమంది. రొట్టె వాసన, జిగురు వాసన, చెమట వాసన. పరుచుకుని పడుకున్నారా ఏమిటి మొగుడూ పెళ్ళాలు? నేనెప్పుడూ ఉతక్కుండా కత్తెర పెట్టను. కొత్త గుడ్డ తరవాత ముడుచుకుపోయి కుట్లన్నీ లాగేస్తుంది. అదీ కాక ఈ అవతారంలో పసిపిల్ల మీదికా? మరిగే నీళ్ళల్లో సబ్బు వేసి రెండుసార్లు ఉడికించాను, రెండు ఎండలు ఆరేశాను. ఇప్పుడు చూస్తే మల్లెపువ్వులా ఉంది.

వదిన

*

రొట్టెల కొట్టు మీది వాటా,
అక్టోబరు 15

వదినా,

ఉతికేశావా?

నీకు చెప్పలేదు, తప్పు నాదే. చెబితే నవ్వుతావని చెప్పలేదు. ఇప్పుడు నవ్వు.

పెద్దావిడ మాతో ఒక మాట అంది. ఈ వయసు పిల్లలకి మొహాలు గుర్తుండవమ్మా, వాసన గుర్తుంటుంది. మీ ఇంట్లో మసిలిన గుడ్డ ఒకటి తెచ్చి ఇవ్వండి, ఉయ్యాలలో వేస్తాను, ఉతకనివ్వను. రోజూ దానిమీద పడుకుంటే, మీరు వచ్చినప్పుడు మీరెవరో దానికే తెలుస్తుంది అంది. అందుకే నేను కొనాలన్నాను. అందుకే నెల రోజులు.

మీ తమ్ముడు తెల్లవారుజామున కింద రొట్టెల పొయ్యి దగ్గరికి దిగి మధ్యాహ్నం వచ్చి పడుకుంటాడు కదా, ఆ గుడ్డలు తలకింద పెట్టుకునే పడుకునేవాడు. నేను పనికి వెళ్ళేటప్పుడు సంచిలో వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని పుస్తకాలు కుట్టాను. అన్నం తినేటప్పుడు పక్కన, పోట్లాడుకునేటప్పుడు మధ్యలో. ముప్ఫై ఏడు రోజులు. మా ఇల్లంతా అందులో ఉంది వదినా. దాన్ని నువ్వు ఒక్క మధ్యాహ్నంలో సబ్బునీళ్ళతో పాటు కాలవలోకి వదిలేశావు.

నువ్వు కావాలని చేయలేదు. కానీ ఇంకో మాట చెప్పకుండా ఉండలేను. ఆగస్టు నుంచి నీకు ఇన్ని ఉత్తరాలు రాశాను. పిల్ల ఎలా ఉంటుందని నువ్వు ఒక్కసారి అడగలేదు. ఒక్క ప్రశ్న లేదు. మాకీ పిల్ల రావడం నీకు ఇష్టం లేకపోతే ఆ మాట చెప్పెయ్. మింగలేక కక్కలేక గుడ్డ గురించి, కుట్టు గురించి రాయకు.

మరదలు

*

కుట్టుమిషను గది,
అక్టోబరు 20

నీ ఉత్తరం చదివి మీ అన్నయ్యకి ఇచ్చి, వెళ్ళి వంటింట్లో నిలబడ్డాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. పిల్లల ఇంటికి రాసి బొంత తిరిగి తెప్పించుకోవాలనుకుంటే తెప్పించుకో. ఇంకోటి కుట్టమంటే ఈ క్షణం మొదలుపెడతాను. ఏ గుడ్డా ఉతకను.

పిల్ల ఎలా ఉంటుంది?

వదిన

*

రొట్టెల కొట్టు మీది వాటా,
నవంబరు 8

వదినకు,

నీ మీద కోపం ఎంతో కాలం నిలవదు, అదే నా జబ్బు.

పిల్ల ఎలా ఉంటుందో చెబుతాను. తల వెనక జుట్టు అరిగిపోయింది, ముందు మాత్రం నిక్కబొడుచుకుని ఉంటుంది. కింద రెండు పళ్ళు. ఎడమ చెవి కొంచెం మడతపడి ఉంటుంది. నిద్రలో కూడా ఆ కనుబొమలు ముడిచే ఉంటాయి, ఎవరి మీద విచారణో. పాకడం వచ్చింది, వెనక్కి పాకుతుంది, దానికి కావాల్సిన వస్తువు ఇంకా దూరమైపోతే మనల్ని కోప్పడుతుంది.

నిన్న వెళ్ళాం. బొంత ఉయ్యాలలో ఉంది. ఎంత బాగుందో నేను చెప్పలేను, చూస్తూ నిలబడిపోయాను. జడ్జమ్మ దాన్ని వదలడం లేదట. ఆయా తీస్తే కేకలట. ఒక కొస గుప్పిట్లో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని నిద్రపోతుందట, ఇంత నిద్ర ఇదివరకు ఎప్పుడూ పోలేదట. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆశగా ఎత్తుకున్నాను. ఏడుపు. మీ తమ్ముడు ఎత్తుకున్నాడు. ఏడుపు. ఆయన చొక్కా, నా చీరా వాసన చూసినట్టు అటూ ఇటూ మొహం తిప్పి, మోసం జరిగిందన్నట్టు ఇంకా గట్టిగా ఏడ్చింది.

పెద్దావిడ బొంత తీసి తనే ఒకసారి పీల్చి చూసింది. "ఇది మీ ఇంటి వాసన కాదే. ఏదో రంపంపొట్టు, మిషను నూనె, సబ్బు. ఎవరిదమ్మా ఇది?" అంది. మా వదినది అన్నాను. మీ తమ్ముడు తల వంచుకుని, "జడ్జమ్మని అవతలి పార్టీ కొనేసింది" అన్నాడు. నవ్వించాలని చూశాడు కానీ తనే నవ్వలేకపోయాడు.

ఒక్కటి అడుగుతాను. పని కోసం చేతిలో పట్టుకున్న గుడ్డకి అంత నీ వాసన ఎలా పట్టింది? మేము నెల రోజులు కష్టపడ్డాం.

ఇరవై ఒకటిన ఆఖరుసారి వెళ్ళాలి. నాకు వెళ్ళాలని లేదు. కొట్టాయన నన్ను ఎన్నో నెల అని అడిగినప్పుడు అక్కడే ఉండిపోయి ఉంటే బాగుండేది.

మరదలు

*

కుట్టుమిషను గది,
నవంబరు 14

మరదలు పిల్లకు,

అడిగావు కాబట్టి చెబుతాను. ఇది మీ అన్నయ్యకి కూడా పూర్తిగా తెలియదు.

ఎనిమిది రోజులు పట్టిందని రాశాను. అబద్ధం. అయిదో రోజుకే అయిపోయింది. తక్కిన మూడు రోజులూ బొంత నా దగ్గరే ఉంచుకున్నాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఈ గది తలుపు దగ్గరికి వేసుకుని, దాన్ని చుట్టచుట్టి ఒళ్ళో వేసుకుని కూర్చునేదాన్ని. కిటికీ లోంచి ఎండ వచ్చి మిషను మీద పడి, గోడ మీదికి వెళ్ళి, ఆరిపోయేది. నేను అలాగే ఉండేదాన్ని. జోకొట్టాను కూడా. మెడ దగ్గర పెట్టుకుని నిద్రపోయాను. ఉత్త బొంతని జోకొట్టిన దాన్ని లోకంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

నీ పెళ్ళికి ముందు సంవత్సరం మేమూ ఒక దరఖాస్తు తెచ్చుకున్నాం. మీది కాదు, మా పక్క ఊరిలో పిల్లల ఇల్లు. మీ అన్నయ్య ఆ రోజే సంతకం పెట్టాడు. నా సంతకం దగ్గర నేను ఆగిపోయాను. పిల్లని తెచ్చాక నా చేతుల్లో ఏడిస్తే? ఎంత ఎత్తుకున్నా ఏడుస్తూనే ఉంటే? అప్పుడు నేను దేనికీ పనికిరానని ఖాయమైపోతుంది కదా. ఆ భయంతో కాగితాన్ని మిషను సొరుగులో దారపుండల కింద పెట్టాను. మీ అన్నయ్య ఒక్కసారి అడిగాడు. తరవాత అడగలేదు. ఆ సంవత్సరమే నేను బొంతలు కుట్టడం మొదలుపెట్టాను.

నీ మొదటి ఉత్తరం చదవగానే నాకు కుళ్ళు పుట్టింది. దానికి ఇంకో మాట లేదు. నా కన్నా చిన్నదానివి, నేను చేయలేని పని చేశావు. ఏడిచినా మళ్ళీ మళ్ళీ వెళుతున్నావు. అందుకే అడగలేదు. అడిగితే నువ్వు చెబుతావు, చెబితే నేను భరించలేను.

ఈ పార్సిల్లో నా పాత నూలుచీర ఉంది. నాలుగు రోజులుగా ఇదే కట్టుకున్నాను. మిషను దగ్గర, పొయ్యి దగ్గర, మీ అన్నయ్య చెక్క చిత్రిక పడుతుంటే ఆ పొట్టులో కూడా కూర్చున్నాను. నాకేమైనా అయిందేమోనని ఆయన రెండుసార్లు నుదురు తాకి చూశాడు. ఉతకలేదు. నీమీద ఒట్టు. ఇరవై ఒకటిన ఇది కట్టుకుని వెళ్ళు. సెంటు పూసుకోకు, సబ్బు తగ్గించు. అడుగున మీ అన్నయ్య చొక్కా ఉంది, తమ్ముడికి వదులవుతుంది, చేతులు మడుచుకోమను.

నన్నే రమ్మంటావేమో. రాను. వస్తే పిల్ల నా దగ్గరికి వస్తుంది. వస్తే తిరిగి నీ చేతికి ఇవ్వగలనన్న నమ్మకం నాకు లేదు. ఉన్నమాట ముందే చెబుతున్నాను.

నీ,
వదిన

*

రొట్టెల కొట్టు మీది వాటా,
నవంబరు 23

వదినా,

మొన్న నీ చీర కట్టుకుని వెళ్ళాను. మీ తమ్ముడు అన్నయ్య చొక్కాలో గాలిపటంలా ఊగుతున్నాడు. బస్సులో మా పక్కన కూర్చున్నాయన, కొత్త ఫర్నిచరు కొన్నారా అని అడిగాడు.

మధ్యాహ్నం మూడవుతోంది. వరండాలో చాప వేసి ఉంది. పెద్దావిడ కుర్చీలో కూర్చుంది, కాగితం ఒళ్ళో పెట్టుకుని. జడ్జమ్మ చాప చివర ఒక డబ్బా మూత నాకుతోంది. ఈసారి నేను చేతులు చాచలేదు. పక్కన కూర్చున్నానంతే. నువ్వు అన్ని రోజులు కూర్చున్నట్టు.

మూత వదిలేసింది. చుట్టూ చూసింది. ఎవరో పిలిచారు, ఎవరో తెలియడం లేదన్నట్టు. తరవాత వెనక్కి కాదు వదినా, ముందుకి పాకింది. నా మోకాలి దగ్గరికి వచ్చి చీర కుచ్చిళ్ళు పట్టుకుని మొహం పెట్టేసింది. ఎక్కింది, జారింది, మళ్ళీ ఎక్కింది. భుజం మీద చెంప ఆనించి, ఒకసారి పొడుగ్గా గాలి పీల్చి, నిద్రపోయింది. ఆ కనుబొమలు విడిపోవడం మొదటిసారి చూశాను.

నీకు నిజం చెప్పాలి. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది, అదంతా సంతోషం కాదు. అది నీ మీద పడుకుంది. నేను ఉత్త కుర్చీని. గంటన్నర అలా కూర్చుని, నీ పిల్లని నువ్వు చూడకుండా ఎత్తుకున్నట్టు అనిపించింది.

తరవాత లేచింది. తలెత్తి నా మొహం చూసింది. ఇంతే, అయిపోయింది అనుకున్నాను. ఏడవలేదు. నాలో నువ్వెక్కడున్నావో చాలాసేపు వెతికింది, దొరకలేదు, సరేలే అనుకుంది. వేలు తెచ్చి నా నోట్లో పెట్టింది. పెద్దావిడ అప్పుడు కలం తీసింది. మీ తమ్ముడు వరండా స్తంభం వెనక్కి వెళ్ళి అన్నయ్య చొక్కాతో ముక్కు తుడుచుకున్నాడు.

బుధవారం ఇంటికి తెచ్చుకుంటున్నాం. నువ్వు సోమవారానికల్లా ఇక్కడ ఉండాలి, మిషనుతో, అన్నయ్యతో. కింద కొట్టు వెనక ఖాళీ షెడ్డు ఉంది, ఆయన చెక్కలు అక్కడ పెట్టుకోవచ్చు. ఒక నెల ఉంటారో, ఎన్నాళ్ళుంటారో నేను అడగను. దీనికి తెలిసిన ఇల్లు మీది. మా ఇల్లు మెల్లిగా తెలుస్తుంది. తిరిగి ఇవ్వలేనన్నావు కదా, ఇవ్వొద్దు. పది కిలోలకి దగ్గర పడింది, ఒక్కదాన్ని మోయలేను.

మరదలు

*

కుట్టుమిషను గది,
నవంబరు 26

మరదలు పిల్లకు,

సోమవారం పొద్దున బస్సుకి వస్తున్నాం. మిషను తల విప్పి సంచిలో కట్టాను, మీ అన్నయ్య దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకుని ఇప్పటినుంచే ఇల్లంతా తిరుగుతున్నాడు. స్నానం చేసి రావచ్చా, అలాగే రావాలా అని నిన్ను అడగమన్నాడు.

ఒకటి ముందే చెప్పుకోవాలి. ఇన్నేళ్ళలో ఎన్ని బొంతలు కుట్టానో లెక్కలేదు. కుట్టి, మడిచి, ఇచ్చేయడమే. ఒక్క పిల్లకి కూడా నేను కప్పలేదు. మెడ దాకా కప్పాలా, కాళ్ళు బయట ఉంచాలా, కదిలితే తీసెయ్యాలా, నాకేమీ తెలియదు. నువ్వు చూపించు.

వదిన